చిన్నక్క ఎందుకు పోయింది?

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. ఐనా మా ఇంటికొచ్చిన వారం రోజుల్లో ఫ్రిజ్ మీద అంటించిన కాగితాలన్నీ ఏవేంటో కనుక్కుంది. చెత్త బండి ఏ రోజు వస్తుందో చెప్పేది ఒకటి, పిజ్జా కూపన్లు ఒకటి, కరెంటు బిల్లు ఒకటి. 2022లో మాకు పాప పుట్టినప్పుడు పురుడు చూసుకోవడానికి వచ్చింది అమ్మ. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు నేను అక్కడ ఇంకో కాగితం అంటించాను. "ఇదేందిరా కొత్తగా?" అంది.

అది డిశ్చార్జి అయ్యే ముందు నర్సు ఇచ్చిన కాగితం. మా ఆవిడ చేతికిచ్చి ఊరుకోలేదు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నాతో పైకి చదివించింది. కాన్పయ్యాక ఇంట్లో ఏం కనిపిస్తే ఏం చెయ్యాలో అందులో ఉంది. ఛాతీలో నొప్పి, ఊపిరందకపోవడం, ఫిట్స్, తనకో బిడ్డకో హాని చేయాలనిపించడం, వీటిలో ఏదున్నా ఇంకేం ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యాలి. గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, కోడిగుడ్డంత గడ్డలు, కుట్లు మానకపోవడం, కాలు ఎర్రబడి వాచి నొప్పి పెట్టడం, 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం, మందేసుకున్నా తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, వీటిలో ఏదున్నా డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. డాక్టరు దొరక్కపోతే ఆస్పత్రికి పోవాలి. అంతే కాగితం.

అమ్మకి అదంతా తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. "గంటకో ప్యాడ్" దగ్గర ఆపమంది.

"గంటకొకటా? అంటే అంతకన్నా ఎక్కువ పోతే ప్రమాదమనా?"

"అవునమ్మా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. పొయ్యి మీద పాలు పొంగాయి, పోయి దించింది. మళ్ళీ వచ్చి అంది: "మన చిన్నక్కకి నాలుగు పాత చీరలు తడిసినయ్యిరా."

చిన్నక్క అంటే మా పెద్దమ్మ రెండో కూతురు. కనిగిరి వైపు మా ఊరు, అప్పట్లో ప్రకాశం జిల్లా. 2002లో రెండో కాన్పుకి పుట్టింటికొచ్చి పోయింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. నాకు తెలిసిందల్లా "కాన్పులో పోయింది" అన్న ముక్కే. ఊళ్ళో రకరకాలుగా చెప్పుకున్నారు. ఏడో నెలలో గ్రహణం చూసిందని ఒకరు, దిష్టి తగిలిందని ఒకరు, వచ్చిన నక్షత్రం మంచిది కాదని ఒకరు. ఆఖరికి అందరూ కలిసి "దాని రాత" అని తేల్చారు. ఇరవై ఏళ్ళ పాటు నేను కూడా కాన్పులో పోవడమంటే పిడుగు పడి పోవడం లాంటిదనే అనుకున్నాను. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ చదివిన వాడి సంగతి ఇది.

ఆ రోజు వంటింట్లో నిలబడి అమ్మ మొదటిసారి పూర్తిగా చెప్పింది. బిడ్డ తెల్లవారుజామున పుట్టింది. ఆడపిల్ల, బానే ఏడ్చింది. మాయ కూడా పడింది. మంత్రసాని అన్నీ సర్ది కాఫీ తాగుతోంది. రక్తం పోతూనే ఉంది. "చెడు రక్తం, పోతేనే మంచిది" అంది మంత్రసాని. గదిలో ఉన్న ఆడవాళ్ళందరూ సరేననుకున్నారు. తొలి కాన్పు ఆ ఇంట్లోనే సుఖంగా అయింది మరి. చిన్నక్క దాహం అంది, చలిగా ఉందంది, దుప్పటి కప్పారు. పెద్దనాన్న పొలం నుంచి రావాలి, బావ వాళ్ళ ఊరి నుంచి రావాలి, అప్పటిదాకా ఏం చెయ్యాలన్నా ఎవరూ చెప్పలేరు. జీపు మాట్లాడేసరికి పది దాటింది. దగ్గర్లోని ఆస్పత్రిలో రక్తం ఎక్కించే ఏర్పాటు లేదని ఒంగోలు తీసుకుపొమ్మన్నారు. దారిలోనే అయిపోయింది.

దీన్ని పత్రికల్లో రాస్తే ఒక్క వాక్యంలో రాస్తారు: "గ్రామీణ మహిళల్లో అవగాహన లోపం." ఈ మాట ఎప్పుడు చదివినా నాకు చిరాకు. మహిళా దినోత్సవానికి మండల కేంద్రంలో ఫ్లెక్సీ కట్టి అవగాహన సదస్సు పెడతారు. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చి గర్భిణులు ఆకుకూరలు తినాలని చెప్తాడు. పెళ్ళిరోజు నుంచీ ఆఖరి పంక్తిలో భోంచేస్తున్న ఆడవాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు.

అసలు కాన్పులో ప్రాణం పోవచ్చని పల్లెటూరి ఆడవాళ్ళకి తెలియదా? వాళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కాన్పంటే పునర్జన్మ అన్న మాట వాళ్ళదే. పొద్దున కడుపుతో ఉన్న పిల్ల ఎదురొస్తే "బతికి బట్టకట్టు తల్లీ" అని మనసులో అనుకునేదీ వాళ్ళే. వాళ్ళకి భయం పుష్కలంగా ఉంది. చేతికి అందనిది ఒకటే, ఏ గుర్తు కనిపిస్తే ఎన్ని గంటలు టైముంటుందన్న లెక్క. "చెడు రక్తం" అన్నదాన్ని కూడా మనం మూఢనమ్మకమని తీసిపారెయ్యక్కర్లేదు. కాన్పు తర్వాత కొన్ని వారాలు రక్తం పోవడం సహజమే, ప్రతి తల్లీ అది చూసే ఉంటుంది. సహజమైనది ఎక్కడ ఆగి ప్రమాదం ఎక్కడ మొదలవుతుందో ఆ గీతే వాళ్ళకి ఎవరూ గీసి చూపించలేదు.

ఆ గీత సంగతి తర్వాత నేను తీరిగ్గా చదువుకున్నాను. నెలలు నిండినప్పుడు గర్భసంచికి నిమిషానికి అర లీటరు పైనే రక్తం వెళుతుంటుంది. మాయ ఊడిపడ్డాక అక్కడి రక్తనాళాలు తెరుచుకునే ఉంటాయి. గర్భసంచి పిడికిలి బిగించినట్టు గట్టిగా ముడుచుకుంటేనే అవి మూసుకుంటాయి. ముడుచుకోకపోతే కుళాయి విప్పినట్టే. అర లీటరు దాటితే దాన్ని అధిక రక్తస్రావంగా లెక్కేస్తారు. రెండు మూడు గంటల్లో మనిషి పోవచ్చు. ముందే రక్తం తక్కువున్న మనిషైతే ఇంకా త్వరగా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్ర, తెలంగాణ రెండు చోట్లా గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతే. బిడ్డ పుట్టగానే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఒకటి, పది యూనిట్లు, ఇస్తే చాలామందిలో ఈ పరిస్థితే రాదు. బంగారం ధర ఉన్న మందేం కాదు, ఫ్రిజ్‌లో పెట్టాలి, అంతే. ఫ్రిజ్ అవసరం లేని మిసోప్రోస్టాల్ మాత్రల్ని కర్ణాటకలో బెల్గాం పల్లెల్లో ఏఎన్ఎంల చేత ఇప్పించి చూశారు. 2006లో లాన్సెట్‌లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అధిక రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి, అంటే దాదాపు సగానికి తగ్గింది.

పోయిన రక్తాన్ని కొలవడం ఎలా అన్నది నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. కంటితో చూసి అంచనా వేస్తే డాక్టర్లు కూడా తక్కువే చెప్తారు. అదే బెల్గాంలో కాన్పు సమయంలో కింద పరిచే, గీతలున్న ప్లాస్టిక్ సంచీతో కొలిచి చూస్తే, కంటి అంచనా మూడో వంతు తక్కువ వచ్చింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో ఎనభై ఆస్పత్రుల్లో చేసి 2023లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో, మామూలు పద్ధతిలో సగం కేసులే గుర్తుపట్టగలిగారు. గీతల సంచీ పెట్టి, చెయ్యాల్సిన చికిత్సలన్నీ ఒకేసారి మొదలుపెట్టిన చోట నూటికి తొంభై మూడు కేసులు పట్టుకున్నారు. తీవ్రమైన పరిణామాలు అరవై శాతం తగ్గాయి. సంచీ కూడా లేని చోట ఏం చేశారో చూడండి. టాంజానియాలో ఆడవాళ్ళు ఒంటికి చుట్టుకునే కంగా అనే గుడ్డ ఉంటుంది, అన్నీ ఒకే కొలత. కిగోమా ప్రాంతంలో ఎన్ని కంగాలు తడిస్తే ప్రమాదమో ముందే లెక్కగట్టి మంత్రసానులకి నేర్పారు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా వాళ్ళ దగ్గర కొలత ఉంది! నాలుగు చీరలు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అమ్మకి ఆ అంకె గుర్తుంది. అది దేనికి కొలతో ఆ గదిలో ఎవరికీ తెలియదు, అదీ విషయం.

"అదంతా పాత కథ, ఇప్పుడు ఇళ్ళల్లో కాన్పులెక్కడున్నాయి?" అని మీరనొచ్చు. నిజమే. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష జననాలకి 195 మంది తల్లులు పోయేవారు. 2018-20 లెక్కల్లో అది ఆంధ్రలో 45, తెలంగాణలో 43. దేశం మొత్తానికి అప్పుడు 97. 2005లో జననీ సురక్ష యోజన, ఆశా కార్యకర్తలు, అదే ఏడాది ఆగస్టు 15న 108 అంబులెన్సులు, తర్వాత తల్లీబిడ్డల్ని ఇంటికి దింపే 102 బండ్లు... వీటన్నిటికీ ఆ ఘనత దక్కాలి. 2019-21 సర్వే నాటికే రెండు రాష్ట్రాల్లోనూ నూటికి తొంభై ఆరు పైన కాన్పులు ఆస్పత్రుల్లోనే. ఆ 108 ఒక్కటి మూడేళ్ళు ముందొచ్చుంటే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

కానీ సగటు అన్నది మోసపు అంకె. మన్యంలో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొస్తున్న వార్తలు చదువుతూనే ఉన్నాం. డోలీలో ఉన్న మనిషికి రాష్ట్ర సగటు 45 అని చెప్పి ఏం లాభం? ఇంకోటి, కాన్పు ఆస్పత్రికి మారాక ప్రమాదం జరిగే చోటు కూడా మారింది. ప్రసూతి మరణమంటే కాన్పు తర్వాత నలభై రెండు రోజుల దాకా లెక్కే. మన పిల్ల ఆస్పత్రిలో ఉండేది మూడు నాలుగు రోజులు, ఆపరేషనైతే ఒక వారం. తెలంగాణలో నూటికి అరవై కాన్పులు ఆపరేషన్లే అని అదే సర్వే చెప్పింది. ఆంధ్రలో నలభై రెండు. కోత పడ్డ ఒళ్ళు ఇంటికొస్తుంది. జ్వరమొస్తే "బాలింత జ్వరం" అంటారు. కాలు వాస్తే "నీరు పట్టింది" అంటారు. తలనొప్పొస్తే చెవుల్లో దూది పెట్టి పడుకోబెడతారు. ఆ కాగితంలో ఉన్న గుర్తులన్నిటికీ మన ఇళ్ళల్లో ఇలా ఏదో ఒక సర్దుబాటు మాట సిద్ధంగా ఉంటుంది.

పైగా పుట్టిల్లు, అత్తిల్లు అన్న తిరకాసు ఒకటి. పేరు నమోదైంది అత్తగారి ఊళ్ళో, ఆశా కార్యకర్తకి తెలిసిందీ అక్కడే. ఏడో నెలలో పిల్ల పుట్టింటికి పోతుంది. ఆ నలభై రెండు రోజులూ ఉండేది వేరే మండలంలో, ఒక్కోసారి వేరే జిల్లాలో. ఇటువాళ్ళు అటు వెళ్ళిందిలే అనుకుంటారు, అటువాళ్ళకి వీళ్ళు కొత్త. మా వృత్తిలో ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకి పని బదిలీ చేసేటప్పుడే ఎక్కువ డేటా పోతుంది, అందుకే అక్కడ పదిసార్లు సరిచూసుకుంటాం. పిల్ల చేతులు మారేటప్పుడు ఒక ఫోన్ కాలన్నా వెళ్ళాలి కదా.

ఏ గుర్తుకి ఏం చెయ్యాలో తెలిసినంత మాత్రాన సరిపోతుందా అంటే అదీ లేదు. 2017 సెప్టెంబరులో సెరెనా విలియమ్స్‌కి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. మర్నాడు ఊపిరాడలేదు. ఆమెకి అంతకుముందే ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంది. స్కాన్ తియ్యండి, హెపారిన్ ఇవ్వండి అని తనే నర్సుకి చెప్పింది. మందుల మత్తులో మాట్లాడుతోందనుకున్నారు. పట్టుబట్టి స్కాన్ తీయించుకుంటే గడ్డలు ఉండనే ఉన్నాయి. ప్రపంచానికి తెలిసిన మనిషి, డబ్బుంది, తన జబ్బు పేరు తనకి తెలుసు, ఐనా అరవాల్సొచ్చింది. నేనుండే ఈ దేశంలో 2021లో లక్ష జననాలకి 32.9 ప్రసూతి మరణాలు. నల్లజాతి ఆడవాళ్ళలో అయితే 69.9. 2020లో ఇక్కడి సీడీసీ వాళ్ళు మొదలుపెట్టిన ప్రచారం పేరే "ఆమె మాట వినండి" అని. అది చుట్టూ ఉన్నవాళ్ళకి చేసిన ప్రచారం.

మన దగ్గర గర్భిణి మాట వినాల్సిన వాళ్ళు ఎవరు? అత్తగారు, అమ్మ, మొగుడు, మామగారు, ఆటో అతను, ఆస్పత్రి గేటు దగ్గరి మనిషి. నిర్ణయం తీసుకునేది వాళ్ళైతే సదస్సులో నేల మీద కూర్చునేది ఆమె! మా నర్సు నాతో చదివించిన కారణం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఫిట్స్ వచ్చిన మనిషి కాగితం చూసుకోలేదు కదా.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్న సంగతి. మా పనిలో ఏదైనా సిస్టం పడిపోతే మర్నాడు అందరం కూర్చుని ఎన్ని గంటలకి ఏం జరిగిందో నిమిషాలతో సహా రాస్తాం. ఎవర్నీ తిట్టకూడదన్నది నియమం. రాసింది అందరికీ పంపుతాం. ప్రసూతి మరణాలకి ఇదే పని ఇంగ్లండులో, వేల్స్‌లో 1952 నుంచి చేస్తున్నారు. కేరళలో డాక్టర్ల సంఘం 2004లో మొదలుపెట్టింది, 2018-20లో దేశంలో అన్నిటికన్నా తక్కువ మరణాలు, లక్షకి 19, అక్కడే. దేశమంతటికీ 2010లో మార్గదర్శకాలు వచ్చాయి. తల్లి చనిపోతే ఆశా కార్యకర్త కబురు చెయ్యాలి, ఆరోగ్య సిబ్బంది ఇంటికెళ్ళి ప్రశ్నావళి పట్టుకుని గంటగంటకీ ఏం జరిగిందో అడిగి రాసుకోవాలి, కలెక్టరు దగ్గర జరిగే సమీక్షకి ఇంటివాళ్ళని పిలవాలి. మంచి పద్ధతి, నాకు దాంతో ఏ పేచీ లేదు. నా పేచీ అంతా ఏమిటంటే, ఊరి నుంచి వెళ్ళిన ఆ కథ ఊరికి తిరిగి రాదు. అంకెగా మారి పైకి పోతుంది. ఊళ్ళో మాత్రం గ్రహణమూ దిష్టీ రాతా మిగులుతాయి, ఆ పక్కింటి కోడలు వాటినే గుర్తుపెట్టుకుని పురిటికి పోతుంది.

పేరు చెప్పక్కర్లేదు, ఎవరిదీ తప్పని తేల్చక్కర్లేదు. ఇంటివాళ్ళు సరేనంటే, ఆ మండలంలో ఒక రోజు ఆడవాళ్ళనీ మగవాళ్ళనీ కూర్చోబెట్టి, "ఇన్ని గంటలకి బిడ్డ పుట్టింది, ఇన్ని గుడ్డలు తడిశాయి, ఇంతసేపు బండి కోసం ఆగారు, ఇన్నింటికి ఇంజెక్షన్ పడుంటే బతికేది" అని ఏఎన్ఎం చదివి వినిపిస్తే చాలు. ఆకుకూరల ఉపన్యాసాలు వంద పెట్టినా రాని తెలివిడి ఆ ఒక్క కథతో వస్తుంది. స్వయం సహాయక సంఘాలు ప్రతి ఊళ్ళో ఉన్నాయి, అప్పుల లెక్కలు అణాపైసలతో చూసుకునే ఆడవాళ్ళు వాళ్ళు. ఈ లెక్క వాళ్ళకి కష్టమా?

ఇంత రాస్తున్న నేను మూడేళ్ళు పెద్దమ్మకి ఈ సంగతి చెప్పలేకపోయాను. ఆ గదిలో ఉన్నది ఆవిడే. రాత అనుకుని ఎలాగో బతికేస్తున్న మనిషికి ఫోన్ చేసి, "ఒక ఇంజెక్షన్ ఉంటే సరిపోయేది పెద్దమ్మా" అని చెప్పడం ఏ అవగాహన? ఎవరి కోసం? అమ్మని కూడా చెప్పొద్దన్నాను.

ఆ రోజు పుట్టిన పిల్లని పెద్దమ్మే పెంచింది. డిగ్రీ చదివించి పెళ్ళి చేసింది. ఈ ఏడాది ఆ పిల్ల నీళ్ళోసుకుంది. ఇక అమ్మ ఆగలేదు. నేను తెలుగులో రాసిచ్చిన కాగితం తీసుకుని వాళ్ళ అక్క ఇంటికెళ్ళి, పక్కన కూర్చుని, మొత్తం చదివిందట. చీరల సంగతి తనే ఎత్తిందట.

పెద్దమ్మ ఏడవలేదట. "నాకారోజే తెలుసు. ఆ చీరలు ఉతికింది నేనే. చెడు రక్తం అంత ఎర్రగా ఉంటదంటే నేను నమ్మలా. చెప్తే నా మాట ఎవరింటారు, మగోళ్ళు రానీలే అనుకున్నా" అందట.

తర్వాత ఆ కాగితం ఇంకో రెండు రాయించి పంపమందట. ఒకటి పిల్ల అత్తగారికి, ఒకటి ఆ అబ్బాయికి. అత్తగారికి చత్వారమట, అక్షరాలు పెద్దవిగా ఉండాలి. నిన్న రాత్రి కూర్చుని సైజు పెంచి ప్రింటుకి పంపాను. ప్యాడ్ అన్న చోట, అమ్మ చెప్పినట్టు, మడత పెట్టిన పాత గుడ్డ అని కూడా చేర్చాను.